ఈట్ అవుట్ అంటే...

ఇంగ్లిషులో పెద్ద పెద్ద మాటలు మనల్ని అంతగా తిప్పలు పెట్టవు. డిక్షనరీ తీస్తే అర్థం దొరుకుతుంది. ఇన్, అవుట్, అప్ లాంటి చిట్టి మాటలు క్రియ పక్కన చేరినప్పుడే చిక్కంతా! ‘గివ్ అప్’ అంటే పైకి ఇవ్వడం కాదు, మానేయడం. వీటినే ఫ్రేజల్ వెర్బులంటారు.

మా అమ్మాయి ఈమధ్య వాళ్ల అమ్మమ్మకి ఇవే నేర్పుతోంది. ఓరోజు పాఠం ‘ఈట్ అవుట్’.

‘‘అంటే బయట తినడం అమ్మమ్మా’’ అంది.

‘‘చిన్నప్పుడు పొలం గట్టు మీద చద్దన్నం తినేవాళ్లం. అదీ అంతేనా?’’ అడిగింది అమ్మ.

కాదట. వెన్నెల్లో డాబా మీద ముద్దలు కలిపి పెట్టినా కాదు. ఆఫీసు ఆవరణలో చెట్టుకింద క్యారేజీ విప్పుకున్నా కాదు. హోటలుకి వెళ్లి అక్కడే కూర్చుని భోంచేస్తేనే ఈట్ అవుట్. పార్సిల్ తెచ్చుకుని ఇంట్లో తింటే లెక్కలోకి రాదు.

ఇంకో నియమం కూడా ఉంది. ‘వియ్ ఏట్ అవుట్ లాస్ట్ నైట్’ అనొచ్చు. ‘వియ్ ఏట్ అవుట్ బిర్యానీ’ అనకూడదు. తిన్నదాని పేరు ఆ క్రియ వెనక రాదు.

అమ్మ కాసేపు ఆలోచించింది. ‘‘అయితే ఏం తిన్నామన్నది కాదు, ఆ పూట ఇంట్లో ఎవరూ వండలేదన్నదే ముఖ్యమన్నమాట’’ అంది. గ్రామర్ పుస్తకాలు ఇంత బాగా చెప్పవు.

తెలుగులోనూ ‘బయట తినడం’ ఉంది. కానీ మన ఇళ్లలో అది ఎక్కువగా మందలింపులోనే వినిపిస్తుంది. ‘బయట తిండి తిని ఒళ్లు పాడుచేసుకోకు’ అంటాం. ఆ మాటలో వంట చేసేవాళ్ల విశ్రాంతి ఊసే ఉండదు.

పాఠం చివర సొంతవాక్యం రాయమంటే అమ్మ ఇలా రాసింది: ‘ఐ కుక్ ఎవ్రీ డే. ఐ డోంట్ ఈట్ అవుట్.’ తప్పుల్లేవని మా అమ్మాయి టిక్కు పెట్టింది. నాకు మాత్రం ఆ రెండు ముక్కల్లో నలభై ఏళ్ల వంటిల్లు కనిపించింది. రైలెక్కినా పులిహోర డబ్బా ఆవిడ చేతిదే. ‘మీ అమ్మ వంట ముందు ఏ హోటలూ పనికిరాదు’ అనేవారు నాన్న. అది నిజమైన మెచ్చుకోలే. కాకపోతే ఆ మెచ్చుకోలుకి ఆదివారం సెలవుండేది కాదు.

‘‘ఇప్పుడు ఫ్యూచర్ టెన్స్‌లో రాయి అమ్మమ్మా’’ అంది మా అమ్మాయి.

‘వియ్ విల్ ఈట్ అవుట్ ఆన్ సండే’ అని రాసి, పుస్తకం నాన్న ముందు పెట్టింది అమ్మ.

ఆయన కళ్లజోడు సవరించుకుని రెండుసార్లు చదివారు. ‘‘సరే, ఏం తింటావ్?’’ అన్నారు.

‘‘దాని వెనక తిన్నదాని పేరు రాకూడదటండీ. ఏదైనా ఫర్వాలేదు!’’ అంది అమ్మ.