ద్రాక్షతోటల లోయలో రెండు రాత్రులు

వేసవి సెలవులు ముగిసి కళాశాలకు వచ్చిన మొదటి దినముననే ఒక విద్యార్థి లేచి, "సార్, మీరు అమెరికాలో సారా కాచే సీమకు పోయి వచ్చినారట, నిజమేనా?" అని అడిగినాడు. తరగతి అంతయు నవ్వినది. మేమును నవ్వినాము. ప్రశ్నలో తప్పు లేదు. సమాధానమే తరగతి గంటలో ఇముడునది కాదు. కావున ఈ సంచికలో వ్రాయుచున్నాము.

2023 జూన్ మాసమున మేమును మా శ్రీమతియు కాలిఫోర్నియాలో ఉద్యోగము చేయుచున్న మా తమ్ముని ఇంటికి పోయినాము. విమానపు ఖర్చు వానిదే అని ఒప్పుకొనుటకు మాకు సిగ్గు లేదు. మా పిల్లలు ఇంటివద్ద అమ్మ దగ్గర ఉండిపోయినారు. తమ్ముడు మూడు దినములు సెలవు పెట్టి, కారులో గుడారములు, పరుపులు, గ్యాసు పొయ్యి, బియ్యము, ఊరగాయ సర్ది, పదేండ్ల కొడుకును, భార్యను, మమ్మును ఎక్కించుకొని బయలుదేరినాడు.

101వ నంబరు రోడ్డున ఉత్తరముగా క్లోవర్‌డేల్ వరకు పోయి, అచట 128వ నంబరు రోడ్డు పట్టినచో ఆండర్సన్ లోయ వచ్చును. కొండదారి. మా శ్రీమతి కొరకు రెండుమార్లు కారు ఆపవలసి వచ్చినది. పసిఫిక్ సముద్రపు పొగమంచు నవారో నది వెంబడి రాత్రివేళ ఈ లోయలోనికి ప్రాకి వచ్చును. పగలు ఎండ, రాత్రి చలి. ఆ చలి వలననే పినో న్వార్ అను నల్లద్రాక్ష ఇచట నిదానముగా పండును. పూర్వము ఇచటి వారికి గొర్రెలు, ఆపిలు చెట్లు జీవనాధారము. 1971లో హుష్ కుటుంబము ద్రాక్షసారాయపు వ్యాపారము ఆరంభించినది. 1982లో ఫ్రాన్సు దేశపు రోడరర్ సంస్థ వచ్చినది. ఇప్పుడు రోడ్డుకు ఇరుప్రక్కల ద్రాక్షయే. ఒకప్పుడు హైదరాబాదు పరిసరములలో విరివిగా ఉండిన అనాబెషాహీ తోటలలో తీగ పందిరి మీద ప్రాకెడిది. ఇచట ఇనుపతీగలకు కట్టిన వరుసలు, సైనికుల వలె. జూన్ మాసము కావున పండు లేదు. గుత్తులకు పచ్చని పిందెలు మాత్రమే ఉండినవి.

మా ఉర్దూ శాఖ మిత్రులు ప్రతిదినము సాకీని, జామును పాఠము చెప్పుదురు. మధువు మీద అన్ని షేర్లు వ్రాసిన రియాజ్ ఖైరాబాదీ దానిని ఎన్నడును ముట్టి ఎరుగడని వారే చెప్పుదురు. మన పిఠాపురపు ఉమర్ ఆలీషా కవి ఖయ్యామును తెలుగు చేసినారు. ఇంత సాహిత్యమును మోసిన వారమైనను, తోట గేటు వద్ద 'రుచి చూడుడు' అను బోర్డు కనబడగానే అడుగు తడబడినది. అయితే నవారో వైన్‌యార్డ్స్ వారు పులియని ద్రాక్షరసమును కూడ సీసాలకెత్తి అమ్ముదురు. అదే పినో న్వార్, మత్తు లేనిది. మా తమ్ముని కొడుకు రెండు గ్లాసులు త్రాగినాడు, మేము ఒకటి.

అంతకు ముందే, దారిలో బూన్‌విల్ అను చిన్న ఊరిలో కాఫీకి ఆగినప్పుడు, మాకు ఒక పుస్తకము దొరికినది. ఈ లోయవారు 19వ శతాబ్దపు చివర తమలో తాము మాటలాడుకొనుటకు ఒక మారుభాష కల్పించుకొన్నారు. పేరు బూంట్లింగ్. పైవారికి తెలియరాదు, అదే దాని ప్రయోజనము. కాఫీకి 'జీస్' అందురు. ఘాటైన కాఫీ కాచిన ఒక వంటవాని పేరులోని పొడి అక్షరములు జీ, సీ. ద్రాక్షసారాయమునకు 'ఫ్రాటి', అది ఒక తోట యజమాని పేరు. మంచిది అనుటకు 'బాల్'. చార్లెస్ ఆడమ్స్ అను ఆయన ఈ భాష మీద వ్రాసిన గ్రంథము 1971లో వెలువడినది. హుష్ కుటుంబము సారాయపు వ్యాపారము ఆరంభించిన ఏడే భాష పుస్తకములోనికి ఎక్కినది. ఇప్పుడు దానిని మాటలాడువారు బహు కొద్దిమంది వృద్ధులు.

ఆ రాత్రి హెండీ వుడ్స్ అను అడవిలో బస. ఆకాశమునంటు రెడ్‌వుడ్ వృక్షముల క్రింద గుడారములు వేసి, నెగడు రాజేసి, అన్నము వండుకొన్నాము. ప్రక్క గుడారపు దంపతులు సీసా తెచ్చి ఆదరముతో చూపినారు. "మేము త్రాగము" అన్నాడు తమ్ముడు. వారు కారణము అడుగలేదు. మరల వచ్చి చెర్రీపండ్లు ఇచ్చి పోయినారు.

పిల్లవాడు టార్చిలైటు వెలుగున పుస్తకములోని మాటలు వల్లించుచుండినాడు. వానికి తెలుగు రాదు, ఉర్దూ రాదు. ప్రతి శుక్రవారము అమ్మ ఫోను చేసినప్పుడు "సలాం దాదీ" అని పరుగెత్తిపోవును. మాకు ఉండబట్టలేదు. "చచ్చిన భాష నేర్చుచున్నాడు. బ్రతికి ఉన్న వాని నాయనమ్మ భాషకు ఏమి దారి?" అన్నాము తమ్మునితో.

వాడు కట్టెను నెగడులోనికి త్రోసి, "అన్నా, నీవు తెలుగు లెక్చరర్‌వు. నీ పిల్లలు చదివేది ఏ మీడియం?" అన్నాడు.

ఇంగ్లీషు మీడియమే. తెలుగు మీడియములో వేయుమని ఇతరులకు సలహా చెప్పినంత సులభముగా మా పిల్లలను వేయలేకపోయినాము. సమాధానము చెప్పలేదు. ఇరువురము ఎవరి గుడారములోనికి వారు పోయినాము. నేల చాల చల్లగా ఉండినది.

మరునాడు సముద్రతీరమున ఒకటవ నంబరు రోడ్డు వెంట దక్షిణముగా వచ్చినాము. కారులో తమ్ముడు దారి సంగతులు తప్ప మాటలాడలేదు. రష్యనులు 1812లో కట్టి 1841లో అమ్మివేసిన ఫోర్ట్ రాస్ కోట చూచినాము. పెరూ దేశము నుండి తెచ్చిన ద్రాక్షతీగలను వారు 1817లోనే అక్కడ నాటినారు. వెనుక సీటులో మా శ్రీమతి పిల్లవానికి ఏమో నేర్పుచుండినది, మేము వినలేదు.

రెండవ రాత్రి బోడేగా ఇసుకతిన్నెల నడుమ గుడారము వేసినాము. ఎనిమిది గంటలకు అమ్మకు ఫోను కలిపినాము. మన ఊరిలో మరునాటి ఉదయము ఎనిమిదిన్నర. పిల్లవాడు ఫోను లాగుకొని, "దాదీ, చాయ్ తాగినావా? చాయ్ బాల్?" అన్నాడు.

మా ఇంటి ఉర్దూలో 'బాల్' అనగా వెంట్రుక. అమ్మ ఒక్క క్షణము మాటలాడలేదు. పిమ్మట, "బాలా? నా చాయ్‌లోనా? ఎక్కడరా?" అని గ్లాసును వెలుతురుకు ఎత్తి చూచినది. ఆమె ప్రక్కన మా చిన్నవాడు పకపక నవ్వుచు ఇంగ్లీషులో ఏమో అన్నాడు. తమ్ముడు మా వంక చూడలేదు, కాని వాని భుజములు కదలుచుండినవి. పిల్లవాడు వచ్చిన నాలుగు తెలుగు మాటలతో, చేతులతో, నాయనమ్మకు విషయము తెలుపుటకు పూనుకొన్నాడు. ఆమె గ్లాసు దించలేదు.