కిటికీలోంచి తోసెయ్యడానికో క్రియ

ఇంగ్లిష్‌లో ‘డీఫెనెస్ట్రేట్’ అని ఒక క్రియ ఉంది. మనిషిని కిటికీలోంచి బయటికి విసిరెయ్యడం అని అర్థం. ఇంత అరుదైన పనికి ప్రత్యేకంగా ఓ మాట ఎందుకా అనిపిస్తుంది నాకు. లాటిన్‌లో ‘ఫెనెస్ట్రా’ అంటే కిటికీ. మాటకు పేరు తెచ్చింది మాత్రం ప్రాగ్ నగరం.

1618 మే 23న అక్కడి ప్రొటెస్టెంట్ ప్రభువులు కోటలోకి చొరబడి, చక్రవర్తి ప్రతినిధులు స్లవాటా, మార్టినిట్స్‌లనూ, వాళ్ల కార్యదర్శి ఫాబ్రిసియస్‌నూ కిటికీలోంచి తోసేశారు. దాదాపు 20 మీటర్ల ఎత్తు. అయినా ముగ్గురూ బతికి బట్టకట్టారు! దైవమే కాపాడిందని క్యాథలిక్కులన్నారు. పేడకుప్ప మీద పడ్డారని ప్రొటెస్టెంట్లు ఎద్దేవా చేశారు. కార్యదర్శికి తర్వాత ప్రభు హోదాతోపాటు ‘ఎత్తయిన పతనం’ అని అర్థమొచ్చే బిరుదూ దక్కింది. చక్రవర్తిగారి హాస్యం గట్టిదే! ఆ ఘటనతో రాజుకున్న యుద్ధం మాత్రం 30 ఏళ్లు ఐరోపాను కాల్చింది.

ఇప్పుడు నాయకుణ్ణి పదవిలోంచి గెంటేసినా ఇంగ్లిష్ పత్రికలవాళ్లు ఈ క్రియనే వాడుతుంటారు. వ్యంగ్యంలో అది భలే పేలుతుంది. మామూలు వాక్యంలో ఇరికిస్తే పాండిత్య ప్రదర్శనే అవుతుంది. కాబట్టి తెలుసుకుని ఆనందించండి, వాడేటప్పుడు ఆచితూచి వాడండి.