చుక్క పెట్టి అడిగితే

నారాయణఖేడ్ ఏ జిల్లాలో ఉంది? ఇవాళైతే సంగారెడ్డి. 2016 అక్టోబరు 11కు ముందు మెదక్. 1956 నవంబరు 1కి ముందు బీదర్, అదీ హైదరాబాద్ రాష్ట్రంలో. ఊరు అంగుళం కూడా జరగలేదు, జిల్లా పేరు మాత్రం మారుతూ వచ్చింది. 1985లో ఎన్టీఆర్ ప్రభుత్వం తాలూకాలు తీసేసి మండలాలు పెట్టాక కాగితంలో 'తాలూకా' అన్న గడి పేరే మారిపోయింది. ఇలాంటి చోటి భూమి కాగితాలతో ప్రోగ్రామ్ రాయడం నాకు చాలా ఇష్టమైన పని. డేటా ఎంత మొండిదో ఇక్కడే తెలుస్తుంది.

పహాణీలో, అంటే ఊరి భూముల లెక్కల పత్రంలో, ఒక వరుస తీసుకోండి. సర్వే నంబరు, ఖాతా నంబరు, పట్టాదారు, విస్తీర్ణం, తరి (మాగాణి), ఖుష్కి (మెట్ట). కంప్యూటర్‌లోకి ఇది సీఎస్‌వీగానో జేసన్‌గానో వస్తుంది. దాన్ని ఆబ్జెక్ట్‌గా మలచుకుంటే 'భూమి' అని రాసి, చుక్క పెట్టి, 'విస్తీర్ణం' అంటే చాలు, జవాబు రావాలి. ఒక్కో కాలమ్‌కు ఒక్కో ఫంక్షన్ చేత్తో రాసుకుంటూ పోనక్కర్లేదు. డేటాలో కనబడిన పేర్లను చూసి ప్రోగ్రామే వాటిని అప్పటికప్పుడు పుట్టించగలదు. వీటినే డైనమిక్ యాక్సెసర్లు అంటారు. రూబీ అనే ప్రోగ్రామింగ్ భాషలో ఇందుకు డిఫైన్ మెథడ్, మెథడ్ మిస్సింగ్ ఉన్నాయి. పైథాన్‌లోనూ ఒక ప్రత్యేక మెథడ్ ఉంది. మామూలుగా వెతికితే పేరు దొరకనప్పుడే పైథాన్ దాన్ని పిలుస్తుంది. పది పన్నెండు లైన్లు రాస్తే ఏ పట్టిక వచ్చినా పని జరిగిపోతుంది.

కానీ గడిలో ఉన్నది ఉన్నట్టు తెచ్చివ్వడం వరకైతే ఇంత శ్రమ దేనికి? విస్తీర్ణం సంగతే చూడండి. మన దగ్గర 2.10 అని రాస్తే రెండెకరాల పది గుంటలు. ఎకరానికి 40 గుంటలు, గుంటకు 121 చదరపు గజాలు. కంప్యూటర్ దాన్ని అంకెగా చదివిందా, చివరి సున్నా ఎగిరిపోయి 2.1 మిగులుతుంది. దాన్ని రెండు ఎకరాలు, ఇంకో ఎకరంలో పదో వంతు అనుకుంటే రెండెకరాల నాలుగు గుంటలే అవుతుంది. ఆరు గుంటలు, అంటే 726 చదరపు గజాలు, ఎవరూ దున్నకుండానే మాయం! కూడికలోనూ ఇదే తంటా. 1.30కి 1.20 కలిపితే యంత్రం 2.50 అంటుంది. రైతు నోటిలెక్కలోనే మూడెకరాల పది గుంటలని చెప్పేస్తాడు. అందుకే విస్తీర్ణాన్ని మొదట అక్షరాలుగానే చదవాలి, చుక్క దగ్గర విడగొట్టాలి, అంతా గుంటల్లోకి మార్చి దాచుకోవాలి. అడిగినప్పుడు ఎకరాలు, గుంటలు, గజాలు, ఏవి కావాలంటే అవి యాక్సెసర్ లెక్కగట్టి ఇవ్వాలి.

జిల్లాకూ అంతే. 'జిల్లా' అని అడిగితే యాక్సెసర్ ముందు కాగితం తేదీ చూడాలి. 1950 నాటి కాగితానికి బీదర్, 1990 నాటిదానికి మెదక్ చెప్పాలి. ఈ తేదీలను కోడ్‌లో ఇరికించకుండా వేరే పట్టికగా పెట్టుకోవడం మంచిది. సిర్గాపూర్, నాగల్‌గిద్ద లాంటి కొత్త మండలాలు వచ్చినప్పుడు పట్టికకు వరుసలు చేరుస్తాం, ప్రోగ్రామ్ జోలికి పోం.

పేర్లు తెలుగులో పెట్టుకోవచ్చా అంటే, నిక్షేపంగా పెట్టుకోవచ్చు. 2008లో వచ్చిన పైథాన్ 3 నుంచి ఆ వీలుంది. 'పట్టాదారు' అని తెలుగులోనే రాసి అడగొచ్చు. 'సర్వే నంబరు'లో మాత్రం నడుమ ఖాళీ ఉంది కాబట్టి చుక్క పెట్టి అడగలేం. 'పాస్‌బుక్'లో ఇంకో చిక్కు. 'స్' కింద 'బు' వత్తుగా చేరకుండా మనం టైపు చేసే కంటికి కనబడని అక్షరాన్ని పైథాన్ పేర్లలో ఒప్పుకోదు. అందుకని ఆబ్జెక్ట్ కట్టే ముందే పేర్లను శుభ్రం చేసుకోవాలి.

వీటన్నిటికంటే నాకు భయం వేరే ఉంది. రూబీలోని ఓపెన్‌స్ట్రక్ట్‌ను 'విస్తీర్ణం' బదులు 'విస్తీర్నం' అని అడగండి. తప్పని చెప్పదు, నిల్, అంటే 'ఏమీ లేదు', అని ఇచ్చి ఊరుకుంటుంది. ఆ నిల్‌ను ఇంకెక్కడో సున్నాగా లెక్కేస్తే ఒకరి పొలం విస్తీర్ణం సున్నా అయి కూర్చుంటుంది. భూమి లెక్కలో ఇది క్షమించరాని తప్పు. కొత్తగా కోడ్ రాస్తున్న తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, యాక్సెసర్లను ఎన్నైనా పుట్టించండి. తెలియని పేరు అడిగితే మాత్రం మీ ప్రోగ్రామ్ ఎర్రర్ చూపించి అక్కడే ఆగిపోయేట్టు రాయండి.