వేగమా... వైభోగమా?

కొత్త స్పోర్ట్స్ కారు కొనే కోటీశ్వరుడికీ ఓ చిక్కుంటుంది. డబ్బు ఇంజిను, బ్రేకుల మీద పెట్టాలా... మెత్తటి తోలు సీట్లు, మ్యూజిక్ సిస్టమ్ మీద పెట్టాలా? ఎవరికి కావాల్సిన జవాబు వాళ్లకు బిగించి పంపించే ఊరొకటి జర్మనీలో ఉంది. అక్కడ ఓ పూట తిరిగితే తెలుస్తుంది... ఈ చిక్కు కోటీశ్వరులది మాత్రమే కాదని!

స్టుట్‌గార్ట్ ఓ గిన్నెలాంటి లోయలో ఉంటుంది. చుట్టూ కొండలు, కొండల మీద ద్రాక్షతోటలు. ఊరి నడిబొడ్డున ఎస్6 లోకల్ రైలెక్కితే పదినిమిషాల్లో ఆ గిన్నె అంచు దాటిస్తుంది. 'నోయ్‌విర్ట్స్‌హౌస్-పోర్షెప్లాట్జ్' స్టేషన్లో దిగి బయటికి రాగానే తల దానంతటదే పైకి లేస్తుంది. 24 మీటర్ల ఎత్తున్న మూడు తెల్లని స్తంభాలు. ఒక్కోదాని కొసన ఒక్కో 911 కారు. ఆకాశంలోకి దూసుకుపోబోతూ ఆగినట్టుంటాయి. ఇదే జుఫెన్‌హౌజెన్. పోర్షె కంపెనీ సొంతూరు.

రోడ్డుకు ఒకపక్క కార్ల మ్యూజియం, మరోపక్క కార్ల ఫ్యాక్టరీ. ఒకచోట గతం, ఒకచోట వర్తమానం. మధ్యలో ట్రాఫిక్ సిగ్నల్! స్టుట్‌గార్ట్ పరిసరాల్లోని జనాన్ని స్వేబియన్లు అంటారు. పొదుపుకు పెట్టింది పేరు. మన దగ్గర పిసినారుల మీద జోకులున్నట్టే జర్మనీలో వీళ్ల మీద ఉంటాయి. అలాంటి నేల మీద ప్రపంచంలోనే అంత ఖరీదైన కార్లు తయారవడం, అందులో ప్రతి మరకూ ప్రతి కుట్టుకూ విడిగా లెక్క కట్టడం... రెండూ చిత్రమే. రెండూ సబబే!

బరువే శత్రువు

2009లో తెరిచిన మ్యూజియం భవనం మూడే మూడు కాంక్రీటు ఆధారాల మీద నిలబడి ఉంటుంది. అంత పెద్ద కట్టడం గాల్లో తేలుతున్నట్టు కనిపిస్తుంది. లోపలికి వెళ్లి వాలుదారి వెంట నడుస్తుంటే 1948 నాటి తొలి పోర్షె 356 నుంచి వరసగా కథ సాగుతుంది. ప్రదర్శనలో ఉంచే కార్లు మారుతుంటాయి కానీ అవి చెప్పే సంగతి మాత్రం ఒకటే... బరువు తగ్గితే వేగం పెరుగుతుంది.

1968లో కొండదారి పోటీల కోసం చేసిన 909 బెర్గ్‌స్పైడర్‌ని చూడండి. మొత్తం బరువు 384 కిలోలు. మన పెద్ద మోటార్‌సైకిళ్లు రెండు కలిపితే ఇంచుమించు అంతే! అలాంటి కారులో ఏసీ, పాటలు, మెత్తటి సీటు గురించి అడిగితే పరుగుపందేనికి పట్టుచీర కట్టుకొస్తానన్నట్టే ఉంటుంది.

అది రేసు కారు కాబట్టి సరే. రోజూ ఆఫీసుకు వెళ్లే కారు సంగతేంటి? పెళ్లాం పిల్లలతో ఊరెళ్లే కారు సంగతేంటి? అసలు చిక్కు అక్కడే మొదలవుతుంది.

లేనివాటికి డబ్బు!

ఈ చిక్కుకు చరిత్రలో దొరికే అందమైన ఉదాహరణ 911 కరేరా ఆర్ఎస్ 2.7. అప్పటి నిబంధన ప్రకారం ఒక కారును రేసులో దించాలంటే అలాంటివి కనీసం 500 తయారుచేయాలి. అన్ని ఎవరు కొంటారని అమ్మకాల విభాగం వాళ్లు జంకారు. 1972 అక్టోబరులో ప్యారిస్ మోటార్‌షోలో కారును చూపించారు. వెనక భాగాన బాతు తోకలా పైకి లేచిన రెక్క, 210 హార్స్‌పవర్ ఇంజిను. నవంబరు ఆఖరుకల్లా ఆ 500 అయిపోయాయి. చివరికి తయారైనవి 1,580.

అసలు సంగతి అది కాదు. ఈ కారు కొనడానికి వచ్చినవాళ్ల ముందు కంపెనీ రెండు ప్యాకేజీలు పెట్టింది. కారు ధర 34,000 మార్కులు. 'స్పోర్ట్' ప్యాకేజీ కావాలంటే మరో 700 మార్కులు. అందులో ఏమొస్తాయి? ఏమొస్తాయని కాదు, ఏం రావని అడగాలి! వెనక సీట్లు ఉండవు. కార్పెట్లు ఉండవు. గడియారం ఉండదు. కోటు తగిలించుకునే కొక్కెం కూడా ఉండదు. ముందు భాగంలో ఉండే పోర్షె లోహపు చిహ్నం బదులు స్టిక్కరు అంటించారు. అలా గీకి గీకి బరువును 960 కిలోలకు దించారు.

రెండోది 'టూరింగ్' ప్యాకేజీ. దీనికి 2,500 మార్కులు. మామూలు 911లో ఉండే సౌకర్యాలన్నీ దీన్లో ఉంటాయి. బరువు 1,075 కిలోలు. అంటే తేడా 115 కిలోలు. ఆ తేడా వల్ల వేగం ఎంత మారింది? సున్నా నుంచి వంద కిలోమీటర్ల వేగం అందుకోవడానికి స్పోర్ట్‌కి 5.8 సెకన్లు, టూరింగ్‌కి 6.3. అర సెకను!

మరి జనం ఏది కొన్నారు? టూరింగ్ 1,308 మంది తీసుకున్నారు. స్పోర్ట్ తీసుకున్నది 200 మంది. మిగిలినవి రేసుల కోసం, రేసు అనుమతుల కోసం తయారైనవి. రేసు కోసమే పుట్టిన కారును కూడా నూటికి 80 మందికి పైగా మెత్తటి సీట్లతోనే కోరుకున్నారన్నమాట. ముచ్చటపడింది వేగం మీద... సంతకం చేసింది సౌకర్యం మీద. కాలం మాత్రం ఇంకోలా తీర్పిచ్చింది. ఇప్పుడు పాత కార్ల వేలంలో ఆ బోసి కార్లకే ఎక్కువ ధర పలుకుతోంది.

సీటు చెప్పే కథ

మ్యూజియం నుంచి రోడ్డు దాటితే ఫ్యాక్టరీ. పోర్షె 1950లో స్టుట్‌గార్ట్‌లో కార్ల తయారీ మొదలుపెట్టినప్పుడు వాటికి బాడీలు కట్టింది పక్కనే ఉన్న రాయిటర్ అనే సంస్థ. 1963లో ఆ బాడీల కర్మాగారాన్ని పోర్షె కొనేసింది. రాయిటర్‌వాళ్లు సీట్ల తయారీ ఒక్కటే ఉంచుకుని, తమ పాత పేరులోని ముక్కలు కలిపి కొత్త పేరు పెట్టుకున్నారు... రెకారో. ప్రపంచమంతా ఎరిగిన ఆ స్పోర్ట్స్ సీట్ల పేరుకు మూలం ఇక్కడే ఉంది.

ఎంపికలో మొదటి పరీక్షా సీటే. ఇప్పటి 911కి 18 రకాలుగా సర్దుకునే సీటు తీసుకోవచ్చు. నడుముకు, తొడలకు, భుజాలకు ఎక్కడ కావాలంటే అక్కడ ఆసరా. లేదంటే కార్బన్ ఫైబర్‌తో చేసిన బకెట్ సీటు తీసుకోవచ్చు. అది తేలిక. మలుపులో మనిషిని కదలనివ్వదు. కానీ వీపు భాగం వెనక్కి వాలదు. అంచులు ఎత్తు. మోకాళ్ల నొప్పులున్నవారికి ఎక్కడం, దిగడమే ఓ ఆసనం! రేసు ట్రాకు మీద అది తల్లి ఒడి. ఆరు గంటల ప్రయాణంలో శిక్ష.

ఫ్యాక్టరీలో కోరికలు తీర్చే ప్రత్యేక విభాగమే ఉంది. ఏసీ గాలి వచ్చే చోట ఉండే సన్నటి రెక్కలకు కూడా తోలు తొడిగిస్తారు. తాళంచెవికి కారు రంగే వేయిస్తారు. మీరు మెచ్చిన రంగు నమూనా ఇస్తే, కుదిరితే అదే వేస్తారు. అన్నిటికీ డబ్బే. కొన్నవాళ్లు కావాలంటే ఇక్కడికే వచ్చి, తమ కారు పుట్టిన చోటు చూసి, తాళాలు అందుకుని నడుపుకుంటూ పోవచ్చు.

పేరొకటి... పని మరొకటి

ఆప్షన్ల జాబితా చదివితే వేగం ఒకవైపు, విలాసం ఒకవైపు ఉన్నట్టే కనిపిస్తుంది. కాస్త లోతుకు వెళ్తే ఆ గీత చెరిగిపోతుంది.

సిరామిక్ బ్రేకుల్నే తీసుకోండి. మామూలు ఇనుప డిస్కులతో పోలిస్తే వీటి బరువు దాదాపు సగం. పదేపదే గట్టిగా తొక్కినా పట్టు సడలదు. పక్కా రేసు సరుకు. కానీ రోడ్డు మీద నడిపేవాళ్లు వీటిలో ఇంకో గుణాన్ని మెచ్చుకుంటారు. నల్లటి పొడి పెద్దగా రాలదు, చక్రాలు మాసిపోవు! రేసు కోసం పుట్టిన వస్తువు ఇంటి ముందు కారు కడిగే పని తగ్గిస్తోందన్నమాట.

వెనక చక్రాలు కూడా తిరిగే స్టీరింగ్ ఇంకోటి. వేగంగా వెళ్లేటప్పుడు అవి ముందు చక్రాలు తిరిగినవైపే కొద్దిగా తిరిగి కారును నిలకడగా ఉంచుతాయి. నెమ్మదిగా వెళ్లేటప్పుడు ఎదురువైపు తిరుగుతాయి. దాంతో ఇరుకు పార్కింగులో కారు చిన్న చోటులోనే మళ్లిపోతుంది. ఇది వేగానికా, సౌకర్యానికా? రెంటికీ!

స్పోర్ట్ క్రోనో అనే ప్యాకేజీ ఉంది. 2024లో వచ్చిన 911 కరేరా వంద వేగం అందుకోవడానికి 4.1 సెకన్లు తీసుకుంటుంది. ఈ ప్యాకేజీ ఉంటే 3.9. అంటే కొనేది సెకనులో అయిదో వంతు. కనురెప్ప వాల్చి ఎత్తేలోపు అయిపోతుంది. దానికి విలువ లేదని కాదు. ఆ తేడాను మీరు ఎక్కడ వాడతారన్నదే ప్రశ్న.

వేగం వేరు, ఆనందం వేరు అనే మాట కూడా ఇక్కడే వినిపిస్తుంది. 911 అరవయ్యో పుట్టినరోజుకి 2023లో తెచ్చిన ఎస్/టి మోడల్‌లో 525 హార్స్‌పవర్ ఇంజిను పెట్టారు. ఆటోమేటిక్ గేర్లు త్వరగా మారతాయని తెలిసీ చేత్తో వేసే గేర్లే ఇచ్చారు. వెనక చక్రాల స్టీరింగ్‌ని కూడా బరువని తీసేశారు. 1,380 కిలోలకు దించి, 911 పుట్టిన ఏడాది గుర్తుగా 1,963 కార్లు మాత్రమే చేశారు. గడియారంతో పోటీ మానేసి మనిషి చేతికి పని పెట్టిన కారది.

మరో విశేషం. 2024 నుంచి 911 కరేరా కూపే రెండు సీట్లతోనే వస్తోంది. వెనక సీట్లు కావాలంటే అడిగి పెట్టించుకోవాలి. అదనపు డబ్బు మాత్రం అడగరు. అన్నిటికీ లెక్క కట్టే చోట పిల్లలు కూర్చునే సీటు ఒక్కటే ఉచితం!

దారే చెబుతుంది

జుఫెన్‌హౌజెన్ వాళ్ల అదృష్టం ఏమిటంటే ఏం కొన్నా వాడుకోవడానికి దారి దగ్గర్లోనే ఉంది. పక్కనే ఆటోబాన్. చాలాచోట్ల వేగ పరిమితి బోర్డులు ఉన్నా, లేనిచోట ఎంత వేగమైనా చట్టబద్ధమే. పడమటివైపు అడవిలో 11.4 కిలోమీటర్ల పాత సోలిట్యూడ్ రేసు దారి. 1965 వరకు పోటీలు జరిగిన ఆ మలుపుల్లో ఇప్పుడు మామూలు జనం కార్లు తిరుగుతున్నాయి. ఇంకా దూరం పోతే నుర్బుర్గ్‌రింగ్‌లో 20.8 కిలోమీటర్ల ట్రాకు. టిక్కెట్టు కొంటే సొంత కారును అక్కడ నడపొచ్చు. అలాంటివాడు సిరామిక్ బ్రేకులు, బకెట్ సీటు తీసుకుంటే అర్థముంది.

అదే కారు హైదరాబాద్‌లో దిగిందనుకోండి. 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు ఉంది. కానీ గంటకు 294 కిలోమీటర్లు వెళ్లగల కారుకు దాని మీద ఆ వేగంతో వెళ్లే అవకాశమూ లేదు, హక్కూ లేదు. ఇక గల్లీలోకి రాగానే స్పీడ్‌బ్రేకరు! ఇక్కడ అక్కరకొచ్చే ఆప్షను వేరే ఉంది. మీట నొక్కితే కారు ముక్కు దాదాపు నాలుగు సెంటీమీటర్లు పైకి లేస్తుంది. ఒకసారి ఆ చోటు గుర్తుపెట్టుకుందంటే తర్వాత అక్కడికి రాగానే తనంతట తనే లేస్తుంది. రేసు ట్రాకు మీద అది దండగ బరువు. మన వీధిలో అదే ప్రాణరక్ష!

అందుకే అనుభవజ్ఞులు చెప్పే సూత్రం ఒకటుంది. తర్వాత బిగించుకోలేనివి ముందు ఎంచుకోవాలి. బ్రేకులు, స్టీరింగ్, సస్పెన్షన్ ఫ్యాక్టరీలో పడాల్సిందే. మ్యాట్లు, చక్రాల సొగసు, చిన్నాచితకా అలంకారాలు ఎప్పుడైనా చేయించుకోవచ్చు. పైగా విదేశం నుంచి దిగే కారుకు, ఈ ఫిట్టింగులన్నీ కలిపిన విలువ మీదే దిగుమతి సుంకం పడుతుంది. సరదాగా పెట్టిన టిక్కు కూడా సుంకంతో సహా బిల్లులో కనిపిస్తుంది. తిరిగి అమ్మేటప్పుడు ఆ డబ్బులో చాలావరకు రాదు.

మనలో చాలామందికి 911 కొనే యోగం లేకపోవచ్చు. కానీ షోరూమ్‌లో చిన్న కారు ముందు నిలబడినప్పుడూ ఇదే ప్రశ్న ఎదురవుతుంది. సన్‌రూఫ్ ఉన్న వేరియంటా, మరో రెండు ఎయిర్‌బ్యాగులున్న వేరియంటా? పెద్ద టచ్‌స్క్రీనా, వెనక చక్రాలకూ డిస్కు బ్రేకులా? అవ్వా కావాలి, బువ్వా కావాలి అనిపించడం సహజం. రెండూ కుదరనప్పుడు పక్కింటివాళ్ల కళ్లతో కాకుండా రేపు పొద్దున మనం నడపబోయే దారితో ఆలోచించాలి. ఆ కారులో ఎవరెవరు కూర్చుంటారో లెక్కపెట్టుకోవాలి. జాబితాలో ఎక్కడ టిక్కు పెట్టాలో అప్పుడు చెయ్యే చెబుతుంది.

చూడాలంటే...

హైదరాబాద్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌కు విమానంలో వెళ్లి, అక్కణ్నుంచి రైల్లో గంటన్నర ప్రయాణిస్తే స్టుట్‌గార్ట్ చేరుకోవచ్చు. పోర్షె మ్యూజియానికి సోమవారం సెలవు. ఫ్యాక్టరీలోకి వెళ్లాలంటే ముందుగా అనుమతి తీసుకోవాలి. సమయముంటే ఊరికి మరోవైపున్న మెర్సిడెస్-బెంజ్ మ్యూజియం కూడా చూడొచ్చు. ఒకే ఊళ్లో వేగానికీ వైభోగానికీ రెండు పెద్ద గుళ్లు!