ఇంగ్లీషు మనకు మూడో భాష

పోయిన వారం రాసిన భాగం చదివి ఒక పెద్దాయన ఫోన్ చేశారు. "తెలుగులో డాక్టరేట్ చేసినదానివి, తెలుగు చెప్పుకుని బతికేదానివి. నువ్వు కూడా ఇంగ్లీషు కావాలంటే ఎట్లమ్మా?" అన్నారు. మంచి మనిషే. ఆయన మనవళ్లిద్దరూ ఇంటర్నేషనల్ స్కూల్లో చదువుతున్న సంగతి ఆ నిమిషంలో ఆయనకు గుర్తు రాలేదంతే.

మీడియం గొడవలోకి నేను మళ్లీ పోను. సావిత్రిబాయి, జోతీరావు ఫూలేల కాలం నుంచీ మనవాళ్లు ఇంగ్లీషు కావాలనే అన్నారు. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో సర్కారు బడుల్లో ఇంగ్లీషు మీడియం కోసం తెచ్చిన జీవోను 2020 ఏప్రిల్‌లో హైకోర్టు కొట్టేసింది. తెలంగాణలో 2022-23 నుంచి మొదలైంది. నేను అడగదలచింది దాని తర్వాతి ప్రశ్న. బోర్డు మీద మీడియం మారింది సరే, తరగతి గదిలో ఇంగ్లీషు ఎట్లా నేర్పుతున్నారు? మన సంఘాలు ఈ ప్రశ్న అడగవు. ధర్నాకు పోతే ప్లకార్డు మీద "ఇంగ్లీషు మీడియం మా హక్కు" అని రాస్తాం. బోధనా పద్ధతి అనేది పండితుల వ్యవహారమని వదిలేస్తాం. వదిలేసిన చోటనే మన పిల్లలు ఫెయిలవుతున్నారు.

పుస్తకాల్లో దీన్ని "రెండో భాష బోధన" అంటారు. మొదటి భాష ఇంట్లో వచ్చేస్తుందని, బడి దాన్ని గుర్తిస్తుందని, దాని మీద నిలబడి రెండోది నేర్చుకోవచ్చని లెక్క. మన వాడ నుంచి బడికి పోయిన పిల్ల దగ్గర ఈ లెక్క మొదట్లోనే తప్పుతుంది. ఆ పిల్ల "మా నాయిన చేను కాడికి పోయిండు" అంటుంది. "పోయిండు కాదు, వెళ్ళాడు అనాలి. కాడికి కాదు, దగ్గరికి" అని తెలుగు సారు దిద్దుతాడు. తరగతి నవ్వుతుంది. ఆ పిల్లకు పుస్తకంలో ఉన్న తెలుగే రెండో భాష. (నేను ఇప్పుడు రాస్తున్నది కూడా నా రెండో భాషే. మా అవ్వకు చదివి వినిపిస్తే సగం మాటలకు "గదేంది బిడ్డా" అంటుంది.)

గిడుగు రామమూర్తి గ్రాంథికం మీద యుద్ధం చేశాడని నేను ప్రతి ఏడూ పాఠం చెప్తాను. కానీ గెలిచిన వ్యావహారికానికి ముందు "శిష్ట" అనే మాట ఒకటి ఉంది. ఆ శిష్టులు ఎవరు, ఏ కులాలవాళ్లు, ఏ జిల్లాలవాళ్లు అనేది సిలబస్‌లో ఉండదు. అదే గిడుగు సవర భాష నేర్చుకుని, ఆ పిల్లలకు వాళ్ల భాషలోనే చదువు చెప్పించడానికి పూనుకున్నాడు. సవర పిల్లలకు అది కావాలని ఆయనకు తోచింది. మాదిగవాడ పిల్లకు కూడా అటువంటిదే కావాలని తర్వాత వచ్చిన తెలుగు పండితులకు తోచలేదు.

కాబట్టి మన పిల్ల ఇంగ్లీషు తరగతికి ఖాళీ చేతులతో రాదు. నోరు తెరిస్తే తప్పవుతుందన్న పాఠం అప్పటికే నేర్చుకుని వస్తుంది.

ఇక పద్ధతుల సంగతి. వ్యాకరణం చెప్పి అనువాదం చేయించే పద్ధతి యూరప్‌లో లాటిన్ నేర్పడానికి పుట్టింది. ఎవరూ మాట్లాడని భాషకు అది సరిపోయింది. సారు ఒక వాక్యం చదివి తెలుగులో అర్థం చెప్తే మనం గైడు చూసి రాసుకోవడం ఆ పద్ధతి పిల్లే. సిలబస్ ఎన్నిసార్లు మారినా డిగ్రీ కాలేజీల్లో ఎక్కువగా నడిచేది అదే. దానికి ఎదురుగా, మాతృభాష ఊసే లేకుండా నేర్పాలనే డైరెక్ట్ మెథడ్ వచ్చింది. మన ప్రైవేటు బడులు అందులోంచి ఒక్క ముక్కే పట్టుకున్నాయి: తెలుగు మాట్లాడితే ఫైన్. ఆ తర్వాత 1950ల్లో వాక్య నిర్మాణాలను వరసగా వల్లె వేయించే స్ట్రక్చరల్ పద్ధతి వచ్చింది. 1958లో హైదరాబాద్‌లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లీష్ పెట్టారు, ఇప్పటి ఇఫ్లూ అదే. "దిస్ ఈజ్ ఎ పెన్" అని నలభై మంది ఒకే గొంతుతో అరిచిన తరగతులు మీలో చాలామందికి గుర్తుండే ఉంటాయి. పెన్ను చూపించి అది పెన్ను అని చెప్పాల్సిన అవసరం బతుకులో ఎప్పుడొస్తుందో నాకు ఇప్పటికీ తెలీదు.

నాకు పనికొచ్చింది మాత్రం ఎన్.ఎస్. ప్రభు చేసిన పని. మద్రాసు బ్రిటిష్ కౌన్సిల్‌లో ఉండగా 1979 నుంచి 1984 దాకా ఆయన, బెంగళూరు ప్రాంతీయ ఇంగ్లీషు సంస్థ వాళ్లు, కొందరు టీచర్లు కలిసి దక్షిణాదిలో మామూలు బడుల్లోనే ఒక ప్రయోగం చేశారు. బెంగళూరు ప్రాజెక్టు అంటారు. వ్యాకరణ సిలబస్ పక్కన పెట్టారు. పిల్లలకు ఒక రైల్వే టైమ్‌టేబులో మ్యాపో ఇచ్చి లెక్క తేల్చమన్నారు. ఏ బండి ముందు చేరుతుంది? ఎన్ని గంటలు పడుతుంది? పిల్ల ఒక్క ముక్కలో జవాబిచ్చినా చాలు, పూర్తి వాక్యం కోసం పీడించరు. టీచరు ముందు చూసేది జవాబు సరైందా కాదా అని. బుర్ర అర్థం మీద పనిచేస్తుంటే భాష దానంతటది లోపల కూడుకుంటుందని ఆయన నమ్మకం.

మన పిల్లల వైపు నుంచి చూస్తే ఇందులో అసలు సంగతి కనిపిస్తుంది. ఇక్కడ మౌనం తప్పు కాదు. నోరు తెరిచే ముందు వినడానికి, తేల్చుకోవడానికి టైముంది. భయం, సిగ్గు ఉంటే విన్న భాష లోపలికి దిగదని అమెరికాలో క్రాషెన్ కూడా అదే కాలంలో రాశాడు. ఆ సిగ్గు కొందరు పిల్లలకే ఎందుకు ఎక్కువ ఉంటుందో తెలియాలంటే మాత్రం మన ఊరికి రావాలి.

ప్రభుతో నాకు ఒక పేచీ ఉంది. ఆయన పిల్లల్ని గుంపులుగా కూర్చోబెట్టడానికి ఇష్టపడలేదు. ఒకరి తప్పులు ఒకరికి అంటుతాయని ఆయన అనుమానం. నేను ఆదివారాలు ఎస్సీ హాస్టల్లో చెప్పే తరగతిలో గుంపులే చేస్తాను. నాతో మాట్లాడని అమ్మాయి పక్కదానితో మాట్లాడుతుంది, తెలుగులోనైనా సరే. కాలేజీ తరగతిలో మాత్రం గుంపులు వాళ్ల ఇష్టానికి వదిలితే కులాల లెక్కనే కూర్చుంటారు. అక్కడ రోల్ నంబర్ల ప్రకారం విడగొట్టాల్సిందే.

అనువాదాన్ని కూడా నేను పారేయలేదు. హాస్టల్లో ఒకరోజు "హి వెంట్ టు ద ఫీల్డ్" అని బోర్డు మీద రాసి, ఆ "హి" మీ నాయిన అనుకుని తెలుగు చేయమన్నాను. "పోయిండు" అన్నారు. భూమి గల ఆసామి అనుకొమ్మన్నాను. "పోయిండ్రు" అన్నారు, ఎవరూ చెప్పకుండానే. ఇప్పుడు ఆ ఆసామి మీ నాయిన గురించి చెప్తున్నాడు, చేయండి అన్నాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. వెనక నుంచి ఒకడు మెల్లగా "వాడు పోయిండు" అన్నాడు. మూడుసార్లూ ఇంగ్లీషులో ఒకటే "హి", ఒకటే "వెంట్". సర్వనామాల పాఠం ఆ పిల్లలు ఇక మర్చిపోరు. ఇంగ్లీషు మాత్రమే మాట్లాడాలనే తరగతిలో ఈ పాఠం జరిగేది కాదు.

"అయితే ఇంగ్లీషుల దొర లేడా మేడం?" అని వాడే అడిగాడు.

ఉన్నాడు. సర్వనామంలో లేడు, యాసలో ఉన్నాడు. క్యాంపస్ ఇంటర్వ్యూలో "కమ్యూనికేషన్ స్కిల్స్" అనే గడి ఉంటుంది. అక్కడ వేసే మార్కులు చాలాసార్లు నువ్వు ఏ బడిలో చదివావో, మీ ఇంట్లో ఎవరు ఇంగ్లీషు మాట్లాడతారో చెప్తాయి తప్ప నీకు ఎంత తెలుసో చెప్పవు. ఇది పిల్లలకు ముందే చెప్పాలి. లేకపోతే ఓడిపోయింది తామే అనుకుంటారు.

అన్నిటికన్నా మంచి పద్ధతి అనేది లేదని ప్రభు 1990లో ఒక వ్యాసం రాశాడు. తను చేసేది పనిచేస్తుందని టీచరుకు లోపల నమ్మకం ఉండాలని, అది లేకుండా ఏ పద్ధతినైనా యాంత్రికంగా నడిపితే తరగతి చచ్చిపోతుందని అందులో సారాంశం. నేను దాన్ని ఇంకొంచెం ముందుకు లాగుతాను. పద్ధతి మీద నమ్మకం ఒక్కటే చాలదు, ఎదురుగా కూర్చున్న పిల్ల మీద ఉండాలి. స్టాఫ్ రూముల్లో "ఈ బ్యాచికి ఏం చెప్పినా ఎక్కదు" అనే మాట నేను వింటూనే ఉంటాను. ఏ బ్యాచి అని అడిగితే జవాబు రాదు. మీడియం కోసం కొట్లాడిన మనం ఈ మాట మీద కూడా కొట్లాడాలి. టీచరు శిక్షణలో ఏం చెప్తున్నారు, ఇంటి భాషను తరగతిలోకి రానిస్తున్నారా, నోరు తెరవని పిల్లను ఎంతకాలం ఆగి చూస్తున్నారు అనేవి కూడా మన డిమాండ్ల కాగితంలోకి ఎక్కాలి.

హాస్టల్లో నేను రైల్వే టైమ్‌టేబుల్ వాడను, మా మండలానికి రైలు లేదు. ఫోన్లలోకి బ్యాంకు నుంచి వచ్చే ఇంగ్లీషు మెసేజీలు తెమ్మంటాను. ఎంత పడింది, ఎప్పుడు పడింది, ఎంత మిగిలింది తేల్చాలి. మొన్న ఒక డిగ్రీ ఫస్టియర్ అమ్మాయి వాళ్ల అమ్మ ఉపాధి కూలి మెసేజీలు తెచ్చింది. పక్కన జాబ్ కార్డు పెట్టుకుని తనే కూడింది. అమ్మ చేసింది 12 రోజుల పని, పడింది 9 రోజుల డబ్బు. తరగతి అయిపోయినా లేవలేదు. ఇంగ్లీషులో అర్జీ రాస్తానంది. తెలుగులో రాసినా చెల్లుతుంది కదా అన్నాను. "తెలుగుల రాస్తే కూసొమ్మనరు మేడం" అంది.

అయిదు వాక్యాలు రాసింది. "వేజెస్" స్పెల్లింగ్ తప్పు. నేను ముందు రోజుల లెక్క, తేదీలు, జాబ్ కార్డు నంబరు చూశాను. అన్నీ సరిగ్గా ఉన్నాయి. స్పెల్లింగ్ తర్వాత తనే డిక్షనరీ తీసి దిద్దుకుంది. అర్జీ ఇచ్చి నెల దాటింది. ఆ మూడు రోజుల డబ్బు ఇంకా పడలేదు. ఈ ఆదివారం రెండోది రాస్తున్నాం, ఈసారి కలెక్టరు ప్రజావాణికి. ఇంకో నలుగురు పిల్లలు వాళ్ల అమ్మల జాబ్ కార్డులు తెస్తామన్నారు.