కేక

వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికీ తెలియవని మన సామెత. అది మనుషులకు మాత్రమే వర్తిస్తుందని పూర్వులు ఎరుగుదురు. చీమలు నిష్కారణంగా గుడ్లను తరలిస్తే, పిల్లులు గోళ్ళతో నేలను గీరితే, ఆవులు గంతులు వేస్తే వర్షం సమీపించినట్లేనని ఆరవ శతాబ్దపు వరాహమిహిరుడు బృహత్సంహితలో చెప్పాడు. సద్యోవర్ష లక్షణాలకు ఆయన ఒక అధ్యాయాన్నే కేటాయించాడు.

ముప్పై ఏళ్ళకు పైగా తెలుగు పాఠాలు చెప్పినవాడిని. వర్షర్తు వర్ణన వచ్చిన ప్రతిసారీ నెమలిని, కప్పను, చాతకాన్ని తలచుకోక తప్పేది కాదు. పదవీ విరమణానంతరం అబ్బాయి ఉద్యోగరీత్యా కొండాపూరు చేరాక, ఆ వర్ణనలలోని ప్రాణులు కొన్ని నాకు ఇరుగుపొరుగులయ్యాయి.

ఇందులో దివ్యజ్ఞానమేమీ లేదు. తొలకరికి ఉసిళ్ళు లేవడమే చూడండి. పుట్టలో రెక్కలు వచ్చిన చెదపురుగులు అదను కోసం వేచి ఉంటాయి. వాటి మేను పలుచన, పొడిగాలికి ఎండిపోతుంది. గాలిలో తేమ నిండి, నేల మెత్తబడి, గాలి నిలకడగా ఉన్న సాయంత్రం ఒక్కుమ్మడిగా బయలుదేరుతాయి. రెక్కలు రాల్చి, జతకట్టి, మెత్తని మట్టిలో కొత్త గూడు తొలుచుకోవడం వాటి పని. హైటెక్ సిటీలో అవి అద్దాల మేడల దీపాలకు ఆకర్షితమై, రాతిపలకల మీద రాలుతున్నాయి. అదను సరిగానే గుర్తించాయి; దిగడానికి మట్టే లేదు. తెల్లవారి ఊడ్చేవారి చీపురుకు రెక్కలు గుట్టలుగా వస్తాయి.

కప్పల బెకబెకలూ అంతే. మొదటి జడివానకు గుంటలలో నిలిచే నీరు గుడ్లు పెట్టడానికి అనువైనది. అందుకే ఆ రాత్రే మగకప్పలు గొంతెత్తుతాయి. గుంట పూడ్చిన చోట వాన కురుస్తుంది గాని, పిలుపు వినబడదు.

ఇక నెమలి. మేఘాన్ని చూసిన ఆనందంతో ఆడుతుందని కవిసమయం. నిజానికి అది దాని జతకట్టే కాలం. వానలతో పురుగూపుట్రా పెరిగి పిల్లలకు మేత దొరుకుతుంది. ఆ కాలం ముగిశాక మగనెమలి పింఛం రాల్చేస్తుంది. సంస్కృతంలో 'కేకా' అంటే నెమలి కూత. తెలుగులో కేక అంటే ఆపదలో పెట్టేది కూడా. నెమలి గొంతుకూ ఈ రెండూ తెలుసు. జతను పిలిచేటప్పుడే కాక, బెదిరినప్పుడూ అది అరుస్తుంది.

2025 మార్చి 30, విశ్వావసు నామ సంవత్సర ఉగాది. హైదరాబాదు విశ్వవిద్యాలయాన్ని ఆనుకొన్న కంచ గచ్చిబౌలి 400 ఎకరాలలోకి ఆనాడు యంత్రాలు దిగాయి. మృగశిర కార్తెకు ఇంకా రెండు నెలల పైమాటే. రాత్రివేళ నెమళ్ళు అరుస్తున్న దృశ్యాలు దేశమంతా తిరిగాయి. కృత్రిమ మేధతో కల్పించినవి ప్రచారంలో ఉన్నాయని ప్రభుత్వం అన్నది. ఏది అసలో, ఏది నకలో తేల్చడం నా పని కాదు. భూమి ఎవరిదన్న వాదమూ నా విషయం కాదు. అయితే ఏప్రిల్ 3న సర్వోన్నత న్యాయస్థానం ముందుకు వచ్చిన నివేదికలో రెండు మాటలున్నాయి. సుమారు 100 ఎకరాలలో భారీ యంత్రాలతో విధ్వంసం జరిగిందని ఒకటి; ఆ స్థలంలో నెమళ్ళు, జింకలు, పక్షులు కనిపించాయని రెండవది. న్యాయస్థానం ఆనాడే పనులు ఆపించింది. ఏప్రిల్ 16న ఆ 100 ఎకరాల పునరుద్ధరణకు ప్రణాళిక అడిగింది.

తెలంగాణ మాటలో కంచ అంటే పశువులు మేసే బీడు. దాన్ని ఖాళీ జాగాగా లెక్కగట్టడం మనకు అలవాటు. కాని వరాహమిహిరుడు చెప్పిన సూచనలలో కొన్ని అటువంటి నేల మీద కనిపించేవే. వాన సంగతి తెలుసుకోవడానికి నేడు మనకు ఉపగ్రహాలున్నాయి, రాడార్లున్నాయి, నెమలిని అడగనక్కరలేదు. నెమలికి మాత్రం ఆ సూచన బ్రతుకుతెరువు. వాన తెలిసీ పొదలేకపోతే అది గుడ్లెక్కడ పెట్టాలి?

మా మనుమరాలు బాల్కనీలోంచి నెమలి కూత విన్నప్పుడల్లా "తాతయ్యా, వాన వస్తుందా?" అంటుంది. ముందు ఆకాశం చూడు, తరువాత కూత వచ్చిన వైపు చూడు అని చెబుతున్నాను. చదువరులు కూడా మీ పేటలో ఈ ఏడు తొలి కప్ప ఏ కార్తెలో కూసిందో వ్రాసి పెట్టుకోగలరు.