ఫుప్పమ్మ హిస్సా

మొన్న మగ్రిబ్ నమాజ్ అయ్యాక ట్యూషన్‌కొచ్చే పిల్లాడొకడు నోట్‌బుక్ తెచ్చి నా ముందు పెట్టాడు. ఎనిమిదో తరగతి. భిన్నంలో పైన ఎక్స్ ప్లస్ 6, కింద ఎక్స్ ప్లస్ 2. పై ఎక్స్‌నీ కింది ఎక్స్‌నీ పెన్సిల్‌తో అడ్డంగా కొట్టేసి, మిగిలిన ఆరుని రెండుతో భాగించి, జవాబు 3 అని రాశాడు. కింద రెండు గీతలు కూడా గీశాడు. మొహంలో ఎంత ఖుషీనో! నాకు తిట్టబుద్ధి కాలేదు. ఇదే గల్తీ ఇదే వయసులో నేనూ చేశాను. ఆ గల్తీ పక్కనే మా ఇంటి సంగతొకటి ఉంది. ఇన్నేళ్లూ రాయలేదు. ఇప్పుడు రాస్తున్నా.

మాది ఈపురుపాలెం, చీరాల పక్కన. ఇప్పుడు బాపట్ల జిల్లా, నా చిన్నప్పుడు ప్రకాశం జిల్లా. బజార్లో నడుస్తుంటే మగ్గాల చప్పుడు వినపడేది. మా అబ్బా మాత్రం నేత మనిషి కాదు, దూది ఏకి పరుపులు కుట్టేవాడు. మేం దూదేకులోళ్లం. ఇంట్లో మాట్లాడేది తెలుగే. అయితే అందులో దువా, బర్కత్, హిసాబ్, హక్కు, ఇజ్జత్ అన్నీ కలిసిపోయి ఉండేవి. ఏది తెలుగో ఏది ఉర్దూనో మాకే తెలిసేది కాదు.

ఎనిమిదో తరగతి అర్ధ సంవత్సర పరీక్షలో లెక్కల్లో నాకు 50కి 11 మార్కులొచ్చాయి. లెక్కల సారు బోర్డు మీద గబగబా చేసుకుంటూ పోయేవాడు. "ఇదీ ఇదీ కొట్టేశాం, పోయింది" అనేవాడు. ఎందుకు కొట్టేశాడో చెప్పేవాడు కాదు. నేను కూడా పైనా కిందా ఒకేలా కనపడిన ప్రతిదాన్నీ కొట్టేసేదాన్ని. తప్పొస్తే సారు నా అరచేతుల మీద కొట్టేవాడు. "లెక్కలు రాకపోతే చదువెందుకు, మిషన్ నేర్పిద్దాం" అని ఇంట్లో మాట కూడా మొదలైంది.

నన్ను కాపాడింది మా ఫుప్పమ్మ. అబ్బాకి చెల్లెలు. పదో తరగతి పాసైంది, ఆపైన నిఖా చేసేశారు. మా వీధిలోనే కాపురం. జాకెట్లు కుట్టేది. నా పేపర్ చూసి మిషన్ ఆపి, "ఇలా రా బేటా" అని పక్కన కూచోబెట్టుకుంది. కాగితం మీద పైన 6ఎక్స్ ప్లస్ 12, కింద 6 రాసింది. నేను ఆరునీ ఆరునీ కొట్టేసి ఎక్స్ ప్లస్ 12 అన్నాను.

"ఈద్ రోజు షీర్ ఖుర్మా పోస్తున్నావనుకో. ఆరు గిన్నెలు. ఒక పళ్లెంలో సేమియా ఉంది, ఇంకో పళ్లెంలో 12 ఖర్జూరాలున్నాయి. సేమియాని ఆరు గిన్నెల్లోకీ పంచి, ఖర్జూరాలు పన్నెండూ ఒకే గిన్నెలో వేస్తావా?"

"వెయ్యను."

"మరి ఇక్కడ చేసిందేంటి?"

అప్పుడు వెలిగింది. ఆరుతో భాగిస్తే 6ఎక్స్‌నీ భాగించాలి, 12నీ భాగించాలి. గిన్నెకి ఎక్స్ ప్లస్ 2. ఎక్స్ ఒకటే అనుకుని చూడమంది. పైన 6, 12 కలిపి 18, ఆరుతో భాగిస్తే 3. ఎక్స్ ప్లస్ 2 కూడా 3. నేను రాసిన ఎక్స్ ప్లస్ 12 మాత్రం 13. "ఎవరూ చెప్పకపోయినా నీ తప్పు నీకే దొరుకుద్ది. ఒక అంకె పెట్టి చూసుకో" అంది. ఈ రోజుకీ పిల్లలకి నేను మొదట నేర్పేది అదే.

తర్వాత రోజుల్లో అసలు కాయిదా చెప్పింది. కూడికలో ఉన్నవి పదాలు, గుణకారంలో ఉన్నవి కారణాంకాలు. కారణాంకాన్నే కొట్టెయ్యాలి. పదాన్ని ముట్టుకోకూడదు. అందుకే ముందు పైనా కిందా కారణాంకాలుగా విడగొట్టాలి. పైన ఎక్స్ స్క్వేర్ మైనస్ 9, కింద ఎక్స్ స్క్వేర్ ప్లస్ 5ఎక్స్ ప్లస్ 6 ఉంటే తొందరపడి ఎక్స్ స్క్వేర్‌లు కొట్టెయ్యకూడదు. పైది (ఎక్స్ మైనస్ 3) ఇంటూ (ఎక్స్ ప్లస్ 3). కిందిది (ఎక్స్ ప్లస్ 2) ఇంటూ (ఎక్స్ ప్లస్ 3). ఇప్పుడు ఎక్స్ ప్లస్ 3 రెండు చోట్లా మొత్తాన్నీ గుణిస్తోంది కాబట్టి పోతుంది. మిగిలేది ఎక్స్ మైనస్ 3 కింద ఎక్స్ ప్లస్ 2. ఎక్స్ బదులు 4 పెట్టి చూశాను. మొదటి రూపంలో 7 బై 42, అంటే ఆరో వంతు. చివరి రూపంలో 1 బై 6. నాకొచ్చిన సంతోషం అంతా ఇంతా కాదు.

"ఇంకోటి. పక్కన రాసుకో, ఎక్స్ మైనస్ 3 కాకూడదు. ఆ విలువ పెడితే మొదటి హారం సున్నా అయిపోద్ది. కొట్టేశాం కదా అని ఆ షరతు పోదు" అంది ఫుప్పమ్మ.

ఆ ఏడాదే మా దాదా ఇంతికాల్ అయ్యాడు. నలభైయ్యో దినం ఫాతిహా అయ్యాక వరండాలో అందరూ కూచున్నారు. దాదాకి 8 సెంట్ల జాగా ఉంది. అప్పులేం లేవు, దఫన్ ఖర్చులు అబ్బా వాళ్లే పెట్టుకున్నారు, వసీయత్ లేదు. వారసులు దాదీమా, అబ్బా, చిచ్చా, ఫుప్పమ్మ. ఇమాం సాబ్ సూరా నిసాలో ఉన్న ప్రకారం హిస్సాలు చెప్పాడు. పిల్లలున్నారు కాబట్టి భార్యకి ఎనిమిదో వంతు. మిగిలిందాంట్లో కొడుకుకి రెండు పాళ్లయితే కూతురికి ఒక పాలు. అబ్బా నా వైపు తిరిగి "నువ్వు చెయ్ హిసాబ్, చదువుకుంటున్నావుగా" అన్నాడు.

ఫుప్పమ్మ నేర్పినట్టే చేశాను. దాదీమాకి 1 సెంటు. మిగిలినవి 7. ఫుప్పమ్మది ఎక్స్ అయితే అబ్బాది 2ఎక్స్, చిచ్చాది 2ఎక్స్. మొత్తం 5ఎక్స్. ఎక్స్ అంటే 1.4 సెంట్లు. మొత్తం జాగాని 40 భాగాలు చేస్తే దాదీమాకి 5, అబ్బాకి 14, చిచ్చాకి 14, ఫుప్పమ్మకి 7. దాదీమాది పక్కన పెడితే 35 భాగాల్లో 14, 14, 7. ముగ్గురిలోనూ ఏడుంది. ఏడుతో భాగిస్తే 2, 2, 1, హారంలో 5. లెక్క కుదిరింది.

చిచ్చా కాగితం చూసి అన్నాడు: "ఆడపిల్లకి జహేజ్ ఇచ్చేశాం కదా. ఆ ఏడుని కొట్టెయ్."

నేను అబ్బా వైపు చూశాను. అబ్బా నేల చూస్తున్నాడు. ఇమాం సాబ్ "జహేజ్ వేరు, హిస్సా వేరు" అన్నాడు, మెల్లిగా. ఎవరూ వినలేదు. ఫుప్పమ్మ గుమ్మం దగ్గర నిలబడి ఉంది. "కొట్టెయ్ బేటా. నాకేం వద్దు. నాకు పుట్టిల్లుంటే చాలు" అంది. హక్కు వదులుకుంటున్నట్టు కాగితం అప్పటికే రాయించి పెట్టారు. ఆమె సంతకం చేసింది. నేను ఫుప్పమ్మ ఏడు మీద అడ్డగీత గీశాను. పదాన్ని కొట్టెయ్యకూడదని నాకు నేర్పిన మనిషి పదాన్నే కొట్టేశాను. కొడుకులిద్దరికీ చెరి 3.5 సెంట్లు అని కింద రాశాను.

పెద్దయ్యాక చదివి తెలుసుకున్నదొకటుంది. అల్‌జీబ్రా అనే మాట 'అల్ జబ్ర్' నుంచి వచ్చింది. సుమారు 820లో బగ్దాద్‌లో అల్ ఖ్వారిజ్మీ రాసిన కితాబ్ పేరులో ఉన్న మాటది. అరబీలో జబ్ర్ అంటే విరిగిన ఎముకని సరిచేసి కట్టడం అని కూడా అర్థం. మన వైపు పుత్తూరు కట్టు లాంటిదన్నమాట. ఉర్దూలో భిన్నాన్ని 'కసర్' అంటారు. దాని మూలార్థం విరగడం. ఆయన కాలానికి ఎక్స్ లేదు, అంతా మాటల్లోనే రాసేవాడు. తెలియని దాన్ని 'షై' అనేవాడు, అంటే వస్తువు. ఆ కితాబ్‌లో పెద్ద భాగం వసీయత్, విరాసత్ లెక్కలే. తిజారత్‌కీ, ఆస్తి పంపకాలకీ పనికిరావాలనే రాస్తున్నానని ముందుమాటలోనే చెప్పుకున్నాడు. అంటే మా వరండాలో జరిగిన లెక్కలాంటివి ఈ విద్య పుట్టినప్పటి నుంచీ అందులో ఉన్నవే.

దాదీమా కూడా పోయాక నిరుడు ఆ జాగా అమ్మారు. అబ్బాకి 4 సెంట్ల డబ్బొచ్చింది, చిచ్చాకి 4 సెంట్లది. ఆ రాత్రి అబ్బా నన్ను పిలిచి, "ఆ రోజు నువ్వేసిన హిసాబ్ మళ్లీ వెయ్. ఏమీ కొట్టెయ్యకుండా" అన్నాడు. ఇప్పుడు 8 సెంట్లూ ముగ్గురివే. 5ఎక్స్ ఈజీక్వల్టు 8. ఎక్స్ అంటే 1.6. అబ్బాకి రావాల్సింది 3.2. ఆయన దగ్గర 0.8 సెంటు ఎక్కువుంది, సుమారు 39 గజాలు. ఆ డబ్బు కట్టకట్టి పొద్దున్నే ఫుప్పమ్మ ఇంటికి తీసుకెళ్లాడు. "మాఫ్ చెయ్యమ్మాయ్, ఆలస్యమైంది" అన్నాడు. ఫుప్పమ్మ వద్దనలేదు. కళ్లు తుడుచుకుని తీసుకుంది.

తర్వాత వంటింట్లో టీ కలుపుతూ నాతో అంది, "నా హిస్సాలో సగం వచ్చింది బేటా. ఇంకో సగం చిచ్చా దగ్గరుంది. నేను అడగను. కానీ హిసాబ్‌లో మాత్రం ఉంచు, కొట్టెయ్యకు."

ఉంచాను. ఆ కాగితం నా దగ్గరే ఉంది.

మన ఇళ్లల్లో చెల్లెళ్లూ కూతుళ్లూ 'నాకేం వద్దు' అంటుంటారు. అది మనస్ఫూర్తిగా అన్న మాటో, పుట్టింటి తలుపు మూసుకుపోద్దన్న భయంతో అన్న మాటో అన్నదమ్ములే గుండెల మీద చెయ్యేసుకుని చూసుకోవాలి. హిస్సా చేతికిచ్చి చూడండి. ఆ తర్వాత కూడా వద్దంటే అది ఆమె ఇష్టం.

మొన్నటి పిల్లాడికి ఎక్స్ బదులు 2 పెట్టి చూడమన్నాను. పైన 8, కింద 4, జవాబు 2. వాడు రాసింది 3. కాసేపు తల గోక్కున్నాడు. "అయితే దీన్నింక సూక్ష్మం చెయ్యలేమా మేడం?" అన్నాడు. చెయ్యలేం నాన్నా, అది అలాగే ఉండాలి అన్నాను. రబ్బరు తీసుకుని ఆ అడ్డగీతలు రెండూ చెరిపేశాడు.